చెరువులో చేప తగ్గింది, చెట్ల మీద పక్షి పెరిగింది: తప్పబోయిన ఒక లెక్క

ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. చెరువులో చేప తగ్గడానికి పక్షులే కారణమని రిపోర్టు రాసేశాం. ఇంకో రెండు రోజుల్లో దాన్ని పంచాయతీలో చదవాల్సి ఉండింది. చదివేసి ఉంటే ఆ గట్టు మీద ఉన్న చింతచెట్లు, నిద్రగన్నేరు చెట్లు ఈపాటికి ఉండేవి కావు. మా లెక్కల్లో దొంగతనం ఏమీ లేదు, చూసిన పక్షిని చూసినట్టే రాశాం, పడిన చేపను తూచినట్టే రాశాం. అయినా ఆ రిపోర్టు తప్పు. చేపలూ నీటిపక్షులూ కలిపి లెక్కపెట్టే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది ఉపయోగపడుతుందని, ఎక్కడెక్కడ ఏమనుకున్నామో, ఎందుకలా అనుకున్నామో దాచకుండా రాస్తున్నాను.

ఊరి పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, విస్తీర్ణం, దూరాలు కొంచెం మార్చాను.

ఊరు, చెరువు

గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడి నేలంతా కాలువ నీటి లెక్కతోనే నడుస్తోంది. సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్ళొదిలినప్పుడు చెరువు నిండుతుంది, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఇంకోసారి నింపుకుంటారు, ఆ మధ్యలో అది మెల్లగా తగ్గుతూ ఉంటుంది. మన చెరువు సుమారు నలభై ఎకరాలు. ఒక పక్క తామర, తుంగ, ఇంకో పక్క గుర్రపుడెక్క, మధ్యలో తేటనీరు. పిల్లకాలువ నుంచి నీళ్ళొస్తాయి, తూము దాటి మురుగు కాలువలోకి పోతాయి. చుట్టూ కిలోమీటరున్నర లోపల పదికి పైగా చేపల చెరువులు, ఆ వెనక వరిచేలు.

ఈ పెద్ద చెరువుని ఏటా వేలంలో మత్స్యకారుల సొసైటీ పాడుకుంటుంది. వానలకి నీళ్ళు నిండాక బొచ్చె, శీలావతి పిల్ల వదులుతారు. వాళ్ళు వదలకుండానే కాలువ నీళ్ళతో వచ్చి పెరిగేవి చాలా ఉన్నాయి: కొర్రమీను, మట్టగిడస, గొరక, ఇంగిలాయి, వాలుగ, బొమ్మిడాయి, పరిగెలు, వీటికి తోడు ఎవరూ పిలవకుండా వచ్చి పాతుకుపోయిన తిలాపియా. ఇళ్ళలో కూరకి వండుకునేవి ఎక్కువగా ఇవే. అమ్మకానికి పోయేది మాత్రం బొచ్చె, శీలావతి.

వాళ్ళ బాధ

వరుసగా రెండేళ్ళు బొచ్చె, శీలావతి పడుబడి బాగా తగ్గింది. పెట్టుబడి పిల్లకి, కాపలాకి, వేలం పాటకి పోయింది, కొన్ని కుటుంబాలకి అప్పు మిగిలింది. అదే రెండేళ్ళలో గట్టు మీద చెట్లపై నీటికాకులు, గుడ్డికొంగలు, రాత్రి తిరిగే చింతవొక్కులు గూళ్ళు పెట్టడం పెరిగింది. ఇది వాళ్ళ కళ్ళముందే జరిగింది కాబట్టి ఒకదానికొకటి ముడి వేశారు. చెట్లు కొట్టేస్తే పీడ పోతుందని సొసైటీలో సగం మంది, పాపం తగులుతుందని మిగతా సగం. ఊళ్ళో స్కూలు మాస్టారు ఒకాయన మధ్యలో పడి, "ముందు ఎవరిచేతనైనా లెక్క కట్టిద్దాం, ఆ తర్వాత గొడ్డలి తీద్దాం" అని ఒప్పించి మాకు ఫోన్ చేశారు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. గూళ్ళున్న చెట్టు కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ మాట మొదటిరోజే చెప్పి చేతులు దులుపుకోవచ్చు. అలా చేయకూడదనుకున్నాం. చట్టం పేరు చెప్పి నోరు మూయిస్తే రాత్రిపూట టపాసులు పేలతాయి, లేదా గూళ్ళు ఖాళీ అయ్యే దాకా ఆగి ఎండాకాలంలో కొట్టేస్తారు. వాళ్ళ నష్టం నిజం. దానికి సమాధానం దొరకాలి.

మొదట ఏం చేశాం

అక్టోబరులో మొదలుపెట్టాం. నెలకి రెండుసార్లు, తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా, గట్టు మీద మూడు చోట్ల నిలబడి ఇద్దరం బైనాక్యులర్‌తో పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళం. ఉదయమే ఎందుకంటే వెలుతురు వెనక నుంచి పడుతుంది, గాలి ఉండదు, నీటి మీద అల తక్కువ, మునిగి లేచే నీటికాకిని రెండుసార్లు లెక్కేసే ప్రమాదమూ తక్కువ. అదే రోజు సాయంత్రం కన్నువల కట్టి మర్నాడు పొద్దున్న తీసేవాళ్ళం. సొసైటీ వాడే రెండంగుళాల కన్ను వలే అడిగి తీసుకున్నాం. వాళ్ళ వలతోనే పడితే వాళ్ళ పడుబడితో పోల్చుకోవచ్చు కదా అని.

డిసెంబరు చివరికి కాగితం మీద బొమ్మ చాలా స్పష్టంగా వచ్చింది. పక్షుల గీత పైకి, చేపల గీత కిందికి. అక్టోబరులో అరవై డెబ్బై ఉన్న నీటికాకులు డిసెంబరుకి రెండొందలు దాటాయి. బాతులు వచ్చి చేరాయి, తెల్లకొంగలు పెరిగాయి. వలలో పడే చేప మూడో వంతుకి వచ్చింది. ఊరివాళ్ళు చెప్పింది కూడా ఇదే. వాళ్ళ మాట, మా లెక్క ఒకటయ్యేసరికి ఇంక అడగాల్సింది ఏమీ లేదనిపించింది. సందేహం రావాల్సింది సరిగ్గా అక్కడే.

ఎక్కడ తేడా కొట్టింది

జనవరి మొదటి వారం. రిపోర్టు చదవడానికి ముందు చివరిసారిగా ఒక లెక్క తీసుకుందామని వెళ్ళాను. ఆరోజు మంచు విపరీతంగా ఉంది, ఎనిమిదిన్నర దాకా చెరువు కనపడలేదు. మంచు విడిచాక చూస్తే రెండొందలకు పైగా ఉండాల్సిన నీటికాకులు ముప్ఫై కూడా లేవు. పదిహేను రోజుల్లో ఏమైనట్టు? గట్టు మీద నిలబడి ఉండగా ఇంకో గుంపు లేచి ఉత్తరంగా పోయింది. బండేసుకుని అటు వెళ్ళాను. అక్కడొక చేపల చెరువులో పడుబడి జరుగుతోంది. మోటార్లు పెట్టి నీళ్ళు తోడేశారు, మోకాలి లోతు మిగిలింది, ఐసు లారీ గట్టున ఆగి ఉంది. మన చెరువు నీటికాకులన్నీ, ఇంకా ఎక్కడెక్కడివో, గూడబాతులతో సహా ఆ బురదనీళ్ళ చుట్టూ ఉన్నాయి.

అక్కడే ఒడ్డున కూర్చుని డిసెంబరు లెక్కల్ని మళ్ళీ చూసుకున్నాను. ఒక చెరువు లెక్క పక్క చెరువులో మోటారు ఆన్ చేస్తే మారిపోతోందంటే, నేను లెక్కపెట్టింది పక్షుల జనాభాని కాదు, ఆ ఉదయం అవి ఎక్కడ ఉండాలనుకున్నాయో దాన్ని.

రిపోర్టు చదవడం వాయిదా వేయించాం. మాస్టారికి ఇబ్బందే అయింది, సొసైటీ వాళ్ళకి కోపం కూడా వచ్చింది. అయినా అడిగిన గడువు ఇచ్చారు: వచ్చే ఏడాది సంక్రాంతి దాకా.

ఆ తర్వాత రెండు వారాలు చెరువు దగ్గరికి పోలేదు. ఉన్న లెక్కలనే ఒక్కొక్క అంకె తీసి, "చేప తగ్గకుండా, పక్షి పెరగకుండా ఈ అంకె రావడానికి ఇంకేదైనా దారి ఉందా?" అని అడుగుతూ కూర్చున్నాం. దారులు చాలా దొరికాయి.

పక్షులు అక్టోబరు నుంచి డిసెంబరుకి ఎక్కడైనా పెరుగుతాయి. వలస బాతులు వచ్చే కాలం అది. వానాకాలం గూళ్ళ పిల్లలు ఎగిరేది అప్పుడే. పైగా నవంబరు, డిసెంబరులో సార్వా కోతలై చేలు ఎండిపోతాయి, చేలల్లో చెదిరి ఉన్న కొంగలన్నీ నీళ్ళున్న చోటికి చేరతాయి. చెరువు కూడా కాస్త తగ్గుతుంది, అంచున లోతులేని నీరు ఏర్పడుతుంది, నిలబడి వేటాడే పక్షికి అది కావాలి. అంటే మేము పెరుగుదల అనుకున్నదాంట్లో ఎక్కువ భాగం చేరిక.

ఇక చేపల వైపు. కన్నువల ఉన్నచోటే ఉంటుంది, చేప కదిలి వచ్చి తగులుకోవాలి. చలికి నీళ్ళు చల్లబడితే చేప తక్కువ తిరుగుతుంది. అక్టోబరు వల, డిసెంబరు వల ఒకటే అయినా తగులుకునే అవకాశం ఒకటి కాదు. అదీగాక రెండంగుళాల కన్నుకి పరిగె దూరి పోతుంది, పెద్ద బొచ్చె ముట్టె ఆనించి వెనక్కి పోతుంది. తామర, డెక్కల మధ్య ఉండే కొర్రమీను, ఇంగిలాయి తేటనీళ్ళలో కట్టిన వలకి ఎందుకు వస్తాయి? చెరువులో సగం చేపల్ని మేము అడగనే లేదు.

ఇంకోటి. "పక్షులు" అని ఒకే వరసలో కూడేశాం. అందులో నత్తగుల్లకొంగ ఉంది, దాని తిండి నత్తలు. పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగ ఉంది, అది చెరువు పక్కన నిద్రకి వస్తుందే తప్ప తినేది గట్ల మీద మిడతల్ని. ఎర్ర చిలువలు, గార్గనీలు, సూదితోక బాతులు పగలంతా చెరువులో తేలుతూ కనిపిస్తాయి గానీ వాటి తిండి గింజలు, మొక్కలు, చిన్న చిన్న పురుగులు. తామరాకుల మీద నడిచే జకానా, నీలిరంగు నీటికోడి చేపల వేటకి దిగే పక్షులు కావు. వీటన్నిటినీ తీసేస్తే డిసెంబరు మొత్తంలో చేప తినేవి సగానికి తక్కువ. ఈ విడదీత మొదటి నెలలోనే చేసి ఉండాల్సింది. చేయలేదు, ఎందుకంటే ఊరివాళ్ళ ప్రశ్న "పక్షులు పెరిగాయా" అని ఉంది, మేము ఆ ప్రశ్నని అలాగే ఫారంలోకి దించేశాం.

మళ్ళీ మొదలుపెట్టాం

ఈసారి పక్షి కంటే ముందు నీటిని లెక్కపెట్టాలనుకున్నాం. ఒక లావు వెదురు గడకి పది సెంటీమీటర్లకో గీత ఎర్ర పెయింటుతో వేసి తూము దగ్గర పాతాం. వచ్చిన ప్రతిసారీ మొదట రాసేది ఆ అంకె. అది లేని రోజు మిగతా లెక్క ఏదీ ఫైలులోకి పోదని నియమం పెట్టుకున్నాం. దాంతోపాటు చుట్టుపక్కల ఏ చెరువులో పడుబడి ఉందో రాసేవాళ్ళం. దీనికి సొసైటీలో ఒక పెద్దాయన చాలా సాయం చేశారు, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఏ చెరువుకి లారీ మాట్లాడారో ముందురోజే ఆయనకి తెలిసిపోయేది. "అమ్మాయ్, రేపు రావద్దు, ఉత్తరం చెరువు పడతన్నారు, నీ కాకులు ఇక్కడుండవు" అని ఫోన్ చేసేవారు. "ఉండకపోతే ఉండలేదనే రాయాలి బాబాయ్, వస్తాను" అనేదాన్ని.

రెండోది, ఒక్క చెరువుని వదిలేసి అన్నిటినీ ఒకేసారి చూడడం. దగ్గర్లో డిగ్రీ కాలేజీ పిల్లలు ఐదుగురు వచ్చారు. ఒక్కొక్కరికి రెండు మూడు చెరువులు, అందరూ ఆరున్నరకి మొదలుపెట్టి పావుగంటలో ముగించాలి, చేప తినే పక్షులు వేరే, తినని పక్షులు వేరే. మొదటి రెండు వారాలు ఈ పిల్లల లెక్కలు వాడలేదు. ఒకే గుంపుని ఇద్దరేసి లెక్కపెట్టి తేడా ఎంతొస్తుందో చూశాం. చిన్న గుంపుల్లో తేడా లేదు, వంద దాటితే ఎక్కువమంది తక్కువ చెప్తున్నారు. అందుకని పెద్ద గుంపుల్ని పదుల్లో కాకుండా ఫోటో తీసి తర్వాత చుక్కలు పెట్టి లెక్కేయడం అలవాటు చేశాం.

ఏప్రిల్ దాకా చేసిన ఈ లెక్కలో తేలింది ఏమిటంటే, మన చెరువు ఒక్కదాని అంకె ముప్ఫైకీ రెండొందలకీ మధ్య గెంతుతుంటే, అన్ని చెరువుల మొత్తం మాత్రం పెద్దగా కదల్లేదు. నీటికాకులు ఆ ప్రాంతానికి చెందినవి, ఈ చెరువుకి కాదు.

బాతుల్ని సాయంత్రం చూశాం. పొద్దు వాలాక పడమటి వెలుగుకి ఎదురుగా నిలబడితే ఎర్ర చిలువలు ఈల వేసుకుంటూ వరసలు వరసలుగా లేచి దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడిన చేల మీదికి పోవడం కనిపిస్తుంది. పగలు నిద్ర ఇక్కడ, రాత్రి మేత అక్కడ. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది, నేనూ చాలాసార్లు వెళ్ళాను, వేల చోట్ల లెక్క కలిపి చూడడానికి అది చాలా విలువైనది. కానీ ఒక్క చెరువు బాగోగులు చెప్పడానికి జనవరిలో ఒక్క ఉదయం చాలదని ఈ చిలువల్ని చూశాకే నాకు బాగా ఎక్కింది.

చేపల లెక్క మార్చడం

మూడు రకాల కన్ను వలలు, తామరలో, డెక్క అంచున వెదురు మావులు (చేప దూరితే బయటికి రాలేని బుట్టలు), తేటనీళ్ళలో విసురువల. విసురువలకి ఒక షరతు పెట్టుకున్నాం: ప్రతిసారీ బాబాయే విసరాలి, అదే వల, పది చోట్ల మూడేసి విసుర్లు. నేనూ నేర్చుకుందామని విసిరి చూశాను. ఆయన చేతిలోంచి పోయిన వల గుండ్రంగా పళ్ళెంలా విచ్చుకుని అంచంతా ఒకేసారి నీళ్ళని తాకుతుంది, నా వల ముద్దలా పడుతుంది. విసిరే మనిషి మారితే చేప మారకపోయినా లెక్క మారుతుంది, అందుకే ఆ షరతు. ఆయనకి జ్వరమొచ్చిన రెండుసార్లు ఆ రోజు లెక్కని ఖాళీగానే వదిలేశాం. సొసైటీ పుస్తకం కూడా చూశాం, కానీ అందులో కిలోలు ఉన్నాయి గానీ ఎంతమంది ఎన్ని గంటలు వేటకి వెళ్ళారో లేదు. పంపకాలయ్యాక మిగిలింది మాత్రమే కొన్నిసార్లు రాశారు. తప్పు పట్టడానికి లేదు, అది వాళ్ళ డబ్బు పుస్తకం. పెద్ద తేడాలు చూడడానికి మాత్రమే వాడుకున్నాం.

కొన్ని నెలలు తిరిగేసరికి ఒక విషయం కళ్ళకి కట్టింది. చేప మొత్తం తగ్గడం కాదు, కొన్ని చేపలు తగ్గాయి. బొచ్చె, శీలావతి పోతున్నాయి. కొర్రమీను, మట్టగిడస, గొరక, ఇంగిలాయి మావుల్లో బాగానే పడుతున్నాయి. నీటికాకి జానెడు లోపు చేప ఏది దొరికితే అది తింటుంది, గొరకని వదిలి శీలావతినే ఏరుకుని తినదు. మరి మిగిలిన చేపలన్నిటికీ ఉన్న ఒకే పోలిక ఏమిటి? అవన్నీ పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా బతుకుతాయి. బొచ్చె, శీలావతి బతకలేవు.

ఈ ఆలోచన వచ్చింది జూలైలో. పిల్ల వదిలింది జూలై చివర్లో. ఇంక ఎప్పుడు చూడాలన్నదే మిగిలింది. నీళ్ళలో ఆక్సిజన్ పగలు నాచు వల్ల పెరుగుతుంది, రాత్రంతా తగ్గుతూ తెల్లవారే ముందు అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజులు వరుసగా వస్తే పగలు పెరిగేదీ తక్కువే. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బాబాయ్, నేను దోనెలో వెళ్ళాం.

కిట్ పాతకాలపుది, సీసాలో నీళ్ళు పట్టి రెండు మందులు వేస్తే అడుగున మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగులోకి మారుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. మధ్య తేటనీళ్ళ సీసాలో పలచటి టీ రంగు వచ్చింది. గుర్రపుడెక్క కింద చెయ్యి పెట్టి పట్టిన సీసాని టార్చి వెలుగులో చూస్తే బియ్యపు కడుగు పేరుకున్నట్టు తెల్లగా ఉంది. బాబాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. పిల్లకాలువ నోటి దగ్గర పట్టింది కూడా దాదాపు అంతే. ముందురోజు పక్క చేపల చెరువు అడుగునీళ్ళని అందులోకి వదిలారని తర్వాత తెలిసింది.

ఐదున్నరకి కొంచెం వెలుగొచ్చింది. డెక్క అంచున వేలెడు శీలావతి పిల్లలు నోళ్ళు పైకి పెట్టి కొట్టుకుంటున్నాయి, వందల్లో. కొన్ని అప్పటికే పక్కకి ఒరిగాయి. ఆరు అవుతుండగా తెల్లకొంగలు దిగాయి. డెక్క మీద నడుస్తూ, వంగి, ఒక్కొక్కటి ఏరుకుంటున్నాయి. గుడ్డికొంగలు చేరాయి, తర్వాత కాకులు. ఏడు అయ్యేసరికి ఎండ పొడ కనిపించింది, మిగిలిన పిల్ల కిందికి దిగిపోయింది, ఒరిగినవి కొంగల కడుపులోకి పోయాయి. గట్టు మీదికి సొసైటీ వాళ్ళు వచ్చింది అప్పుడు. వాళ్ళకి కనిపించింది చెరువు నిండా కొంగలు, కొంగల నోట్లో శీలావతి పిల్ల. రెండేళ్ళుగా వాళ్ళు చూస్తున్నది ఇదే. మేము ఆరింటికి గట్టు మీద నిలబడి లెక్కపెట్టినన్నాళ్ళూ చూసిందీ ఇదే.

గూళ్ళ కింద

ఇంతటితో పక్షులకి సంబంధమే లేదని చెప్పేయడం కూడా తప్పే అవుతుంది, అందుకని గూళ్ళ కింద వెతికాం. గూడు ఎక్కలేదు, పక్షిని ముట్టుకోలేదు. పిల్లలకి మేత పెట్టేటప్పుడు నీటికాకులు, వొక్కులు కక్కినదాంట్లో కొంత కింద పడుతుంది. చెట్ల కింద బరకాలు పరిచి, పొద్దున, సాయంత్రం ఏరేవాళ్ళం. ఆ నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది, వాసన బట్టలకి పట్టుకుంటుంది, తల మీద కండువా లేకుండా వెళ్ళలేం. ఏరినవి పళ్ళెంలో కడిగి పొలుసులు, రెక్కల ముళ్ళు చూసి పోల్చుకున్నాం. ఎక్కువ తిలాపియా పిల్లలు, పరిగెలు, చిన్న రొయ్యలు, కప్పలు. పిల్ల వదిలిన తర్వాత రెండు వారాలు మాత్రం శీలావతి బాగానే ఉంది, తర్వాత అరుదైపోయింది. మెత్తగా అరిగిపోయేవి బరకం మీద కనపడవు కాబట్టి ఈ లెక్క నుంచి ఎన్ని కిలోలు తిన్నాయని చెప్పకూడదు, ఏ కాలంలో ఏది తింటున్నాయో చెప్పడానికి మాత్రమే పనికొస్తుంది. ఆ రెండు వారాల నష్టం నిజమని సొసైటీకి ఒప్పుకుని చెప్పాం. అది ఒప్పుకున్నాకే మిగతాది విన్నారనుకుంటాను.

ఏం చేశారు, ఏమైంది

సంక్రాంతికి పంచాయతీలో రిపోర్టు చదవలేదు. ఆ రెండు సీసాల ఫోటోలు, ముసురు రోజు వీడియో చూపించాం. ఆ తర్వాత జరిగిన పని అంతా వాళ్ళదే. డెక్కని తాళ్ళతో లాగి బాటలు చేశారు, మూడో వంతు తామర, డెక్క వదిలేయమన్నాం, కొర్రమీను గుడ్లు పెట్టి పిల్లల్ని కాసుకునేదీ, జకానాలు ఉండేదీ అక్కడే. పక్క చెరువు యజమానితో మాట్లాడి అడుగునీళ్ళు మురుగు కాలువలోకి మళ్ళించారు. దానికి మూడు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. పిల్లని వేలెడు కాకుండా జానెడు సైజులో తెచ్చారు, ఖర్చు ఎక్కువైందని ముందు గొడవ పడ్డారు. సాయంత్రం చల్లబడ్డాక, తాటిమట్టలు పాతిన మూలలో వదిలారు. మొదటి రెండు వారాలు మనుషులు వంతులు వేసుకుని ఆ మూల కాపలా కాశారు. టపాసులు కాల్చలేదు.

తర్వాతి వేసవి పడుబడి అంతకుముందు రెండేళ్ళ కంటే మెరుగ్గా ఉంది. ఒక్క ఏడాదే. ఆ ఏడాది ముసురు కూడా తక్కువ, కాబట్టి ఘనతంతా బాటలకీ జానెడు పిల్లకీ ఇవ్వలేను. చెట్లు ఉన్నాయి, గూళ్ళూ ఉన్నాయి.

ఈ పని ఇంకెక్కడైనా చేసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది మూడు మాటలు. పక్షుల ఫారంలో నీటి మట్టం గడి, చుట్టుపక్కల పడుబడి గడి లేకపోతే ఆ ఫారం వాడకండి, తర్వాత ఎంత తెలివైన గణితం వేసినా ఆ ఖాళీ నిండదు. చేప ఎంత తగ్గిందో చూసే ముందు ఏ చేప తగ్గింది, ఏది తగ్గలేదు అని చూడండి, మా కేసులో దారి చూపించింది తగ్గని చేపే. మీరు లెక్కపెట్టే వేళని ఎప్పుడైనా ఒక రెండు గంటలు ముందుకి జరిపి చూడండి. మా ఆరు గంటల లెక్క శుభ్రమైన లెక్కే, కానీ అసలు సంగతి జరిగిపోయాక మొదలయ్యేది. ఇక ఊరివాళ్ళ ప్రశ్న గురించి కూడా ఒకటుంది. దాన్ని గౌరవించాలి, కానీ కొలతగా మార్చేటప్పుడు ముక్కలు చేసుకోవాలి. "పక్షులు" అన్న ఒక్క మాటని విడదీయకపోవడం వల్ల మాకు మూడు నెలలు పోయాయి.

తేలని విషయం ఒకటి మిగిలే ఉంది. చింతవొక్కులు రాత్రిపూట వేటాడతాయి, పొద్దున లెక్కలో అవి చెట్ల మీద నిద్రపోతూ కనిపిస్తాయి తప్ప ఎక్కడ ఎంత తింటున్నాయో మాకు తెలియలేదు. సొసైటీలో ఇప్పటికీ కొందరి అనుమానం వాటి మీదే, ఆ అనుమానాన్ని కొట్టిపారేసే ఆధారం నా దగ్గర లేదు. ఈ వానాకాలం చీకటి పడ్డాక అవి ఏ దిక్కుకి లేస్తున్నాయో నాలుగు మూలలా మనుషుల్ని పెట్టి చూడబోతున్నాం. వెదురు గడ మీద అంకె ఇప్పుడు బాబాయ్ మనవడు రాస్తున్నాడు, ప్రతి ఆదివారం తూము గోడ మీద సుద్దతో రాసి ఫోటో పంపిస్తాడు. మొన్న పంపినదాంట్లో 84 ఉంది, కింద చిన్నగా "దక్షిణం చెరువు పడుతున్నారు" అని కూడా ఉంది.